పడుగు పిలుపు

మా మరిది ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వస్తే ముందు తిండి, ఆ తర్వాతే మాట. ఆ రోజూ అంతే. పత్తి మార్కెట్టు దగ్గర ఏదో పని చూసుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చాడు, కాళ్లు కడుక్కున్నాడు, పీట వాల్చుకున్నాడు. రెండో రొట్టె అయ్యేదాకా సొసైటీ నూలు గురించీ కరెంటు కోతల గురించీ చెప్పాడు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో మూతి తుడుచుకుని, అప్పుడన్నాడు:

"వదినా, మన పక్కింటి పెద్దొదిన పోయింది. ఈ పొద్దు పొద్దన్నే."

నాకు ముందు కోపమొచ్చింది, ఏడుపు తర్వాత వచ్చింది. "ఇంతసేపూ నోట్లో ఏం పెట్టుకున్నావురా?" అన్నాను.

"రొట్టె" అన్నాడు వాడు. మా అత్తింటి మగవాళ్లతో ఇదే చావు. తర్వాత తల వంచుకుని, "ముందే సెప్తే నువ్వు పొయ్యి ఆర్పేస్తావు గదా వదినా. నిన్ను పిలుచుకొని పోదామనే వచ్చినా" అన్నాడు.

మా ఆయన మిల్లులో డ్యూటీలో ఉన్నాడు. ఇక్కడి మా పక్కింటి రజియాబీకి తాళంచెవి ఇచ్చి, ఆయనకు సంగతి చెప్పమని, ఉన్న చీరతోనే బస్సెక్కాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. దాచాల్సిందేమీ లేదు గానీ, ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లే లేరు. ఒకరికి వదిన, ఒకరికి పెద్దమ్మ, ఒకరికి కోడలు. నాకు అక్క. పేరు రాస్తే ఇంకెవరి సంగతో చెప్తున్నట్టు ఉంటుంది నాకు.

బస్సు ఊరు దాటి నల్లరేగడి చేలల్లో పడ్డాక ఆమె ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ముఖం రాలేదు, నోరు వచ్చింది. ఆ పెదవుల మధ్య ఎప్పుడూ ఒక దారపు ముక్క ఉండేది. తెగిన పోగులు అతికేటప్పుడు కొసను నోట్లో తడపడం నేతపనిలో అందరికీ ఉన్నదే. ఆమెకు మాత్రం పని లేనప్పుడూ ఆ ముక్క ఉండాల్సిందే. పెళ్లికి పోయినా, జాతరకు పోయినా నములుతూనే ఉండేది. మాట్లాడాలంటే దాన్ని నాలుకతో ఒక పక్కకు నెట్టేది. అలా నెట్టిందంటే ఎవరికో మూడిందని మాకు తెలుసు.

మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదు గనక "మా మగ్గం" అనేది. "ఉండండి, మా మగ్గానికి సంకటి పెట్టొస్తా." "మా మగ్గం రేతిరి నుంచి దగ్గుతాండాది." "మా మగ్గానికి కొత్త పంచ తేవాల, పాతదాంట్లో నుంచి ఊరంతా కనపడతాండాది." ఆయన మా ఆయనకు అన్న వరస, నాకు బావ. గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని నేస్తూ, ఇవన్నీ విని, గుడ్డ మీదికి వంగి నవ్వుకునేవాడు. నోరు తెరిచి మాట్లాడింది తక్కువ. ఆయన వాటా కూడా ఆమే మాట్లాడేసేది.

నేను ఆదోనిలో పుట్టి పెరిగినదాన్ని. మా తాత ఎప్పుడో మగ్గం వదిలేశాడు, మా నాయన జిన్నింగ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పత్తి అంటే నాకు రోడ్ల మీద ఎగిరే దూది, ముక్కులో దురద, అంతే. డెబ్బైల మొదట్లో పెళ్లయి ఎమ్మిగనూరు నేతవాళ్ల వీధికి పోయాను. పోయిన మూడోనాడే తెల్లారకముందు మా అత్త నన్ను లేపి ఒక కుంచె చేతికిచ్చింది. బయటికొస్తే వీధి వీధంతా దారమే. ఐదారిళ్ల పొడవున కర్రల మీద పడుగు పరిచి, ఆ పక్కా ఈ పక్కా మనుషులు నిలబడి గంజి పెడుతున్నారు. నేను కొత్త చీర కట్టుకుని, పూలు పెట్టుకుని పోయాను. ఎక్కడ నిలబడాలో తెలీక అటూ ఇటూ చూస్తుంటే, చివర పోగులు అతుకుతున్న మనిషి దారపు ముక్క పక్కకు నెట్టింది.

"ఏమే ఆదోనిదానా, గంజికి పెళ్లిచూపులకొచ్చినావా? కొంగు దోపుకొని ఈడికి రా."

అందరూ నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. ఆ పూటే ఆమె నా వేళ్లు పట్టుకుని పోగు అతకడం నేర్పింది. ఆ తర్వాత ఆ వీధిలో నన్ను ఎవరేమన్నా ముందు లేచేది ఆ నోరే.

పడుగు సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఆమె సంగతి అర్థం కాదు. చీరకు నిలువుగా పోయే దారాలన్నీ కలిపితే పడుగు. మగ్గం ఎక్కించే ముందు దానికి గంజి పట్టించాలి. ఎండ వస్తే గంజి బిగుసుకుని పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి, ఇంటిల్లిపాదికి నెల తిండి మట్టిలో కలిసినట్టే. అందుకని పొద్దు పొడవకముందే అయిపోవాలి. అది ఒక ఇంటి చేతుల వల్ల అయ్యే పని కాదు. ఈ రోజు వాళ్లకు మనం పోతే, రేపు మనకు వాళ్లొస్తారు.

దానికొక పిలుపు ఉండేది. పడుగు ఎవరిదైతే ఆ ఇంటి పెద్ద చీకట్లోనే బయల్దేరి, వీధిలో ప్రతి గడప ముందూ నిలబడి, వరస పెట్టి పిలవాలి. "అన్నా, పడుగు పరిచినాం, రా." "అత్తా, పడుగు పరిచినాం, రా." లోపల్నుంచి "వస్తాండా" అని పలికేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. పలికాక మళ్లీ పిలవకూడదు, లోపలికి తొంగి చూడకూడదు. పలికిన మనిషి వస్తుంది, అంతే. ఎవరూ మాట తప్పగా నేను చూడలేదు. జ్వరమున్నవాళ్లు కూడా వచ్చి, ఒక పక్కన కాసేపు కూర్చుని, తమ బదులు పిల్లల్ని పనిలో పెట్టి పోయేవారు.

ఒక గడపను పిలవకుండా దాటిపోయారంటే రెండే కారణాలు. ఆ ఇంటిని వీధి వెలివేసి ఉండాలి. లేదంటే ఆ ఇంట్లో పీనుగ లేచి, మైల తీరకుండా ఉండాలి.

ఆమె పడుకోవడం నేను మొదటిసారి చూసింది పెళ్లయిన మరుసటి ఏడు, జాతర అయిపోయిన తర్వాత. నీళ్లకు రాలేదు. రెండు రోజులు చూసి, ఇంట్లోకి పోతే గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పలకరిస్తే కళ్లు తెరిచి, నన్ను కాక నా వెనకాల ఉన్నదాన్ని చూస్తున్నట్టు చూసి, మళ్లీ మూసుకుంది. నోట్లో దారం లేదు. నాకు భయం వేసి మా అత్త దగ్గరికి పరుగెత్తాను.

"మనాది మళ్లీ పట్టుకునింటాదిలే" అంది మా అత్త, వాన పట్టుకుందన్నట్టు.

"ఏం కష్టమొచ్చింది అత్తా ఆమెకు?"

"ఏమీ రాల్యాదు. అదే గదా."

అదే ఎవరికీ మింగుడుపడేది కాదు. మొగుడు తాగడు, కొట్టడు. కూతురు చక్కగా ఉంది. అత్తమామలు ఎప్పుడో పోయారు. కడుపుకు ఉన్నదేదో ఉంది, అదీ వీధిలో అందరికీ ఉన్నంతే. కష్టం ఉండి ఏడిస్తే నలుగురూ చుట్టూ చేరి ఓదారుస్తారు. కష్టం లేకుండా పడుకున్న ఆడదాన్ని చూస్తే జనానికి అదోరకం కోపం. "తిన్నదరక్క" అని ఎత్తిపొడిచినవాళ్లున్నారు. "గాలి సోకింది" అని దర్గాకు తీసుకుపోయి నీళ్లు ఊదించారు. నిమ్మకాయలు కోశారు. తాయెత్తు కట్టారు. అన్నిటికీ ఆమె చెయ్యి చాచేది, మెడ వంచేది. అంత నోరున్న మనిషి ఎదురు చెప్పకుండా తాయెత్తు కట్టించుకుంటుంటే చూడలేకపోయాను.

ఒకే ఒక్కసారి నాతో చెప్పింది. "కష్టముంటే ఏడ్సేదాన్ని మే. ఏడుపు గూడా రాదు. పొద్దు పొడుస్తాది గదా, అందురికీ పైకి పోతాది. నాకు పోదు. వచ్చి నా ఎద మింద కూసుంటాది." అంతే.

ఆ రోజుల్లోనే మా పడుగు పరిచాం. మా మామ పిలవడానికి బయల్దేరాడు. పొడుగు మనిషి, ముక్కు మీద కోపం, ఎవరితోనూ రెండో మాట ఉండదు. అన్ని గడపలూ అయిపోయాయి. ఆమె గడప ముందు నిలబడ్డాడు.

"అమ్మా, పడుగు పరిచినాం, రా."

లోపల్నుంచి ఏమీ లేదు. మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇటు మేమంతా కుంచెలు పట్టుకుని చూస్తున్నాం. తూరుపు తెల్లబడుతోంది. మా అత్తకు కడుపు మండిపోయింది. "గంజి సల్లారిపోతాంది, ఆమె రాదు, నువ్వు రా" అని వీధి ఈ కొస నుంచి అరిచింది. మామ తల తిప్పలేదు. నాకు ఆయన వీపు మాత్రం కనబడుతోంది. అంత కోపిష్టి మనిషి అంతసేపు ఎలా నిలబడ్డాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

చివరికి, బావిలో నుంచి వచ్చినట్టు, "వస్తాండా" అని వినిపించింది.

మామ వెంటనే వెనక్కి తిరిగి వచ్చి కుంచె అందుకున్నాడు. కాసేపటికి ఆమె వచ్చింది. తల దువ్వలేదు, కొంగు నేల మీద ఈడుస్తోంది. తన చోటికి పోయి నా పక్కన నిలబడింది. ఎవరూ ఏమీ అడగలేదు. అడగడానికి ఎవరికీ తీరిక లేదు. మొదట పోగు జారిపోయింది. మళ్లీ పట్టుకుంది. పని అయిపోయాక ఒక్క మాటా లేకుండా ఇంట్లోకి పోయి మళ్లీ పడుకుంది.

రెండు రోజులకు ఇంకో ఇంటివాళ్ల పడుగు. వాళ్లూ పిలిచారు, వాళ్లూ నిలబడ్డారు. తర్వాత ఇంకొకరు. ఒక పొద్దు చూస్తే తల దువ్వుకుని వచ్చింది. ఇంకొక పొద్దు నా కుంచె వైపు చాలాసేపు చూసి, "నీ కుంచె ముసలెద్దు తోక మాదిరి ఊగుతాండాదే ఆదోనిదానా" అంది. నోట్లో దారం ఉంది. వీధంతా పగలబడి నవ్వింది. నేను కూడా నవ్వాను గానీ, పక్కకు తిరిగి చూస్తే మా అత్త కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

ఏడాదికి ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు అలా పడుకునేది. అలాగే లేచేది. అది తాయెత్తు మహిమ అని ఆమె అనేది, దర్గా మహిమ అని మా అత్త అనేది. పడుగు సంగతి ఎవరూ అనలేదు. తిండి తిన్నందుకు ఆకలి తీరిందని ఎవరు చెప్పుకుంటారు?

కొన్నేళ్లకు, కూతుర్ని గోనెగండ్లకు ఇచ్చి పంపాక, ఒకసారి మనాది గట్టిగా పట్టుకుంది. తిండి మానేసింది. బావ భయపడిపోయాడు. ఎవరి మాటా వినకుండా ఆమెను బస్సెక్కించి ఆదోనిలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన బలానికి సూదులు వేసి, మాత్రలు రాసి, పూర్తిగా రెస్టు కావాలని చెప్పాడట. పని చెప్పకూడదు, చప్పుడు ఉండకూడదు, తెల్లారేదాకా లేపకూడదు.

ఆ సాయంత్రం బావ ఇల్లిల్లూ తిరిగాడు. మాట్లాడని మనిషి, ప్రతి గడప ముందూ చేతులు జోడించాడు. "మీకు దండం పెడతానప్పా. మా ఇంటిదాన్ని పడుగుకు పిలవొద్దండి. రెస్టు కావాలన్నాడు డాక్టరు." ఏ పాపిష్టివాళ్లు కాదంటారు? అందరూ అయ్యో అన్నారు. మా మామ కూడా సరేనన్నాడు. బావ ఆ మాట అడిగింది ఆమె మీద ప్రాణం పెట్టుకునే. ఈ మాట ఎన్నిసార్లయినా చెప్తాను.

అప్పటినుంచి పడుగు ఎవరిదైనా, పిలుస్తూ వచ్చిన మనిషి ఆమె గడప దగ్గర గొంతు తగ్గించి, మునివేళ్ల మీద దాటిపోయేవాడు. ఇటు మా గడపలో పిలుపు, అటు పక్కింటి ఖాజామొద్దీన్ గడపలో పిలుపు, నడుమ ఏమీ లేదు. మా మామ ఆ గడప దాటి వచ్చిన మొదటిరోజు కుంచె పట్టుకుని, "ఏందో, మెట్టు తప్పినట్టుండాది" అన్నాడు.

రెస్టు తీసుకున్నకొద్దీ ఆమె కరిగిపోయింది. ఒక మధ్యాహ్నం జావ తీసుకుని పోయాను. గోడవైపు తిరిగే ఉంది. పక్కన కూర్చుని తల మీద చెయ్యి వేశాను.

"మా ఇంట్లో మైల ఎప్పుడు తీరతాదే?" అంది.

"ఏం మైల అక్కా?"

"పీనుగు లేసిన ఇంటినే గదా పిలవకుండా పోయేది. ఎవురు సచ్చినారు ఈడ? మా మగ్గం ఆడతానే ఉండాది, వినపడతాంది. బిడ్డ గోనెగండ్లలో ఉండాది. ఇంగ ఉండేది ఎవురు?"

డాక్టరు చెప్పాడని, నీ మంచికేనని ఏదేదో చెప్పాను. ఆమె విననే లేదు. "రోజూ పొద్దన్నే మెలకువగానే ఉంటా మే. మీ గడప పిలుస్తారు. ఖాజామొద్దీనోళ్ల గడప పిలుస్తారు. నడుమ నా కాడికి వచ్చేతలికి పీనుగును దాటినట్టు దాటి పోతారు" అంది.

జావ గిన్నె అక్కడే వదిలేసి వచ్చి మామకు చెప్పాను. కోడలు మామతో ఎదురుగా నిలబడి మాట్లాడే కాలం కాదది. మాట్లాడాను, ఏడుస్తూ మాట్లాడాను. ఆయన విని, చుట్ట ఆర్పేసి, లేచి లోపలికి పోయాడు. మరునాడు పడుగు మాదే.

చీకట్లో ఆయన గొంతు వినబడుతోంది, ఒక్కో గడపా. ఆమె గడప ముందు ఆగింది. తలుపు తీసుకుని బావ బయటికొచ్చాడు.

"చిన్నాయనా, సెప్పినా గదా. నిద్రపోనీ దాన్ని."

"అది నిద్రపోతాందని నీకెవురు సెప్పినారురా? తప్పుకో."

"డాక్టరు రెస్టు అన్నాడు చిన్నాయనా."

"పని సేసి అలిసినోనికి రెస్టు. అది దేనికి అలిసింది? మన మంచితనానికి అలిసింది." మామ ఆయన్ను భుజం పట్టుకుని పక్కకు జరిపాడు. వీధి వీధంతా వినేలా, "అమ్మా! పడుగు పరిచినాం, రా!" అన్నాడు.

నిలబడ్డాడు. బావ కూడా పక్కనే నిలబడ్డాడు, ఏం చేయాలో తెలీక. ఆ రోజు మా అత్త అరవలేదు. ఎండ వచ్చేసింది, పడుగు ఒక మూల అంటుకుపోయింది కూడా. అయినా ఎవరూ కదల్లేదు. ఆమె పలికింది. వచ్చింది, గోడ పట్టుకుని వచ్చింది. అంటుకుపోయిన పోగుల్ని విడదీయడానికి మా మధ్య కూర్చుంది. ఆ ఏడాది ఉగాదికి మా ఇంట్లో బూరెలు వండింది ఆమే, వండుతూ మా మామను కూడా వదల్లేదు. "మీ ఇంటి మగ్గానికి సెవుడు గానీ గొంతు మంచిదే" అంది మా అత్తతో.

తర్వాతి సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎనభైలు వచ్చాయి. మిల్లులోనే గంజి పట్టించి, చుట్టలు చుట్టిన పడుగు తెచ్చి ఇవ్వడం మొదలైంది. తీసుకుపోయి మగ్గానికి ఎక్కించుకోవడమే. మొదట ఇద్దరు తీసుకున్నారు, తర్వాత అందరూ తీసుకున్నారు. మాకు పండగే. చీకట్లో లేవక్కర్లేదు, చేతులు పగలక్కర్లేదు. వీధిలో కర్రలు పీకేసి సిమెంటు రోడ్డు వేశారు. రోడ్డు మీద స్కూటర్లు వచ్చాయి, ఇళ్లలో టేప్‌రికార్డర్లు వచ్చాయి. పొద్దెక్కేదాకా తలుపులు వేసుకుని పడుకోవడం నేర్చుకున్నాం. మా మామ పోయాడు. పిలుపు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ చూడలేదు, ఆఖరుగా ఎవరు ఎవర్ని పిలిచారో కూడా ఎవరికీ గుర్తు లేదు. మగ్గం మీద బతుకు సాగక మా ఆయన ఆదోనిలో మిల్లులో చేరాడు. నేను పుట్టిన ఊరికే తిరిగి వచ్చాను.

ఆమె ఒకసారి ఆదోనికి వచ్చింది. మళ్లీ డాక్టరు కోసం. మిల్లువాళ్లు లైనుగా కట్టించిన ఇళ్లలో మా ఇంట్లో నాలుగు రోజులు ఉంది. బాగా చిక్కిపోయింది, నోట్లో దారం లేదు. తెల్లవారుజామున సైరన్ కూయగానే ఉలిక్కిపడి లేచి, పోయి వాకిట్లో నిలబడింది. మా ఆయన క్యారియర్ తీసుకుని ఆమెను దాటుకుని పోయాడు. లైన్లో మగవాళ్లంతా అలాగే పోతున్నారు, తల వంచుకుని. ఆమె చూస్తూ నిలబడింది.

"ఈడ నిన్నెవురు పిలుస్తారే?" అంది.

"సైరన్ ఉంది గదక్కా."

"అది మిల్లోళ్లను పిలుస్తాది. నిన్ను?"

నేను పొయ్యి రాజేసుకోవడానికి లోపలికి పోయాను. తిరిగి పోయేనాడు బస్టాండులో మాత్రం, బస్సు ఎక్కబోతూ ఒక్క క్షణం పాత మనిషి అయింది. "నా మనాదిని నీ ఇంట్లో పెట్టి పోతాండా. బాడుగ వసూలు సేసుకో" అంది. కండక్టరు కూడా నవ్వాడు. బస్సు కదిలాక కిటికీలో ఆమె ముఖం చూశాను. దాని మీద నవ్వు లేదు.

మరిదితో కలిసి నేను ఎమ్మిగనూరులో దిగేసరికి ఇంకా శవాన్ని ఎత్తలేదు. గోనెగండ్ల నుంచి కూతురొచ్చి తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తోంది. ఆడవాళ్లతో ఇల్లు నిండిపోయింది. నేను లోపలికి పోయి ఆమెను చూశాను. శుభ్రంగా ఉంది, తల దువ్వి ఉంది. కడుపారా ఏడ్చి బయటికొచ్చాను.

బావ అరుగు మీద లేడు. మగవాళ్ల గుంపులో లేడు. సిమెంటు రోడ్డు మీద, ఇంటికి ఎదురుగా, గడప వైపు చూస్తూ గొంతుకూర్చుని ఉన్నాడు. పోయి పక్కన కూర్చున్నాను. నా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాతో పది మాటలు మాట్లాడి ఉండడు. ఆ రోజు ఆయనే మొదలుపెట్టాడు.

"మీరు ఆదోనికి పోయినాక శానా దినాలు పండుకునిందమ్మా. సూదులకు లేయల్యాదు. బిడ్డ వచ్చి ఏడ్సినా లేయల్యాదు. ఒగనాడు నాకేం తోసలేదు. పొద్దన్నే లేసి, తలుపు దెగ్గిరకేసి, ఈడికొచ్చి నిలబడినా. మీ మామ మాదిరి పిలిసినా. పేరు పెట్టి పిలిసేది అలవాటు ల్యాదు గదా నాకు. 'మే, పడుగు పరిచినాం, రా' అన్నా. స్కూటర్లో పోయేటోళ్లు నాకు పిచ్చెక్కిందనుకున్నారు. అట్లే నిలబడినా."

"పలికిందా బావా?"

"పలికింది. వచ్చింది. బయట పడుగు ల్యా, మనిసి ల్యా. దానికి తెలీదా? తెలుసు. నా పక్కన నిలబడి రోడ్డు ఆ కొస నుంచి ఈ కొస దాకా సూసింది. 'శానా పొడుగు పడుగే పరిసినావే' అనింది."

ఆయన నవ్వాడు. ఆ మాట చెప్తూ నిజంగా నవ్వాడు.

"ఆ పొద్దు నుంచి రోజూ అంతే. వానొచ్చినా అంతే. పిలుస్తా, నిలబడతా, వస్తాది. ఇద్దురూ ఈడ కొంచేపు నిలబడి లోపలికి పోతాం. దానికి పనంటూ ఏమీ ల్యా. వచ్చేదే పని. ఈ పొద్దు గూడా పిలిసినా. 'వస్తాండా' అనింది. గట్టిగానే అనింది, నేను ఇన్నా. నిలబడినా. రాల్యాదు. శానాసేపు రాల్యాదు. తల దువ్వుకుంటాందేమో అనుకున్నా. పలికినాక లోపలికి తొంగి సూడకూడదు గదమ్మా. పొద్దు బారెడెక్కింది. పాలామె లోపలికి పోయి అరిసింది."

ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను, వరస కూడా మర్చిపోయి. ఆయన ఏడవలేదు. కళ్లు గడప మీదే ఉన్నాయి.

పాడె కట్టడం అయిపోయింది. కూతురు బయటికొచ్చి తండ్రి భుజం పట్టుకుంది. "నాయనా, లోపలికి రా. టయమైతాంది, అందురూ నీ కోసం సూస్తాండారు."

ఆయన కదల్లేదు.

"ఉండుమ్మా" అన్నాడు. "మీ అమ్మ వస్తాండా అనింది."